మా వాడు యూత్‌ల తిరుగుతుండు, మానిపించాల్నా?

జగిత్యాల వైపు ఒక ఊరి నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. ఏడు పేజీలు. పేరు వద్దన్నారు, ఊరి పేరు కూడా వద్దన్నారు, అందుకని నేనే కుదించి చెప్తున్నా.

ఆమె ఊళ్ళోనే చిన్న కిరాణం షాపు నడుపుతారు, భర్త పన్నెండేళ్ళుగా దుబాయ్‌లో. కొడుక్కి 19 ఏళ్ళు, బీకాం కంప్యూటర్స్ సెకండ్ ఇయర్. కూతురికి 16, ఇంటర్ ఫస్ట్ ఇయర్. కొడుక్కి ఇంటర్ అయ్యాక ఎంసెట్‌లో ర్యాంక్ రాలేదు, ఏడాది పాటు తలుపు వేసుకుని ఫోన్ పట్టుకుని పడుకున్నాడంట, చుట్టాలొస్తే బయటికి వచ్చేవాడు కాదు, షాపుకొచ్చి ఎవరన్నా పావుకిలో చక్కెర అడిగితే తల కూడా ఎత్తకుండా కట్టిచ్చేవాడు. తర్వాత దోస్త్‌లో (డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ అడ్మిషన్లని అట్లా అంటారు) డిగ్రీ సీటు వచ్చింది, అదే టైంలో పక్కింటి అబ్బాయి లాక్కెళ్ళి ఊళ్ళో యూత్‌లో చేర్పించాడు. (తెలియని వాళ్ళకి, మా వైపు యువజన సంఘాన్ని 'యూత్' అనే అంటారు, ఫ్లెక్సీల మీద కూడా ఫలానా యూత్ అనే ఉంటది.)

రెండేళ్ళలో పిల్లాడు మారిపోయాడు, ఆమె మాటల్లోనే, "మా వాడు మాట్లాడుతుండు మేడం, పెద్దమనుషుల ముందట నిలబడి మాట్లాడుతుండు." కబడ్డీ టోర్నమెంట్ పెట్టారు, రక్తదాన శిబిరం పెట్టారు, ఈ ఏడు వినాయక చవితికి వీణ్ని క్యాషియర్ చేశారు. అక్కడ వచ్చింది తంటా. వసూలైంది 1,86,000 అని, ఖర్చు 1,41,000 అని వీడే రాశాడు, మిగలాల్సింది 45,000, చేతిలో ఉన్నది 18,600. అంటే 26,400 కనిపించట్లేదు. ఊళ్ళో గుసగుసలు మొదలైనయ్. ఇంతలో యూత్ ప్రెసిడెంట్ ఒక పార్టీ లీడర్ వెనక తిరుగుతున్నాడని, నిమజ్జనం రాత్రి పిల్లలు తాగారని, వీడు తాగాడో లేదో తెలియదని, డిగ్రీలో రెండు సబ్జెక్టులు బ్యాక్‌లాగ్ పడ్డాయని, దుబాయ్ నుంచి తండ్రి "రేపటి సంది యూత్ అంటే కాళ్ళు ఇరగ్గొడ్త" అన్నాడని. పైగా కూతురు "నేను కూడా చేరతా" అంటోందంట, అక్కడ ఆడపిల్ల ఒక్కతి కూడా లేదు. చివర్లో ఆమె అడిగింది రెండే మాటలు. మానిపించాల్నా? మహిళా సంఘంలో లోన్ తీసి ఆ డబ్బు కట్టేసి నా కొడుకుని బయటికి తెచ్చుకోవాల్నా?

చెల్లె, ముందు రెండో ప్రశ్న పట్టుకుందాం, ఎందుకంటే మీరు ఆ లోన్‌కి ఈ వారమే అప్లికేషన్ పెట్టేట్టు ఉన్నారు. ఆగండి. మీ ఉత్తరం నేను రెండుసార్లు చదివా, రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివా. నాలుగో పేజీలో మీరే రాశారు, లడ్డు వేలంలో 16,000కి పాడుకున్నాయన వచ్చే వినాయక చవితికి ఇస్తానన్నాడని. మన ఊళ్ళల్లో అది మామూలే కదా, ఈ ఏడు పాడుకుంటే డబ్బు పైఏడు కడతారు. మరి మీ వాడు ఆ 16,000ని వసూలైన డబ్బు కింద రాసుకున్నాడా? మీరు రాసిన లెక్క ప్రకారం రసీదు బుక్ మీద 1,22,000, ఫోన్‌పేలో 48,000, లడ్డు 16,000, మూడూ కూడితే సరిగ్గా 1,86,000. అంటే రాసుకున్నాడు. చేతికి రాని డబ్బుని చేతిలో ఉన్నట్టు లెక్కేశాడు, అక్కడే 26,400 కాస్తా 10,400 అయిపోయింది. డీజే వాళ్ళకి అడ్వాన్స్ 5,000 ప్రెసిడెంట్ చేత్తో ఇచ్చాడు, రసీదు లేదు అని ఐదో పేజీలో ఉంది, అది ఖర్చులో ఎక్కిందో లేదో మీరు చెప్పలేదు. ఎక్కకపోతే ఇంక 5,400. తొమ్మిది రోజులు పదిమంది పిల్లలు టిఫిన్లు, బండ్లలో పెట్రోల్, పూలు, రాత్రిపూట చాయ్‌లు, వాటికి ఎవడూ చీటీ రాయడు. బీకాం చదివే పిల్లాడు రావాల్సిన బాకీకి వచ్చిన నగదుకి తేడా చూడకపోవడం ఏంటో, పరీక్షలో అయితే రాసేవాడే!

ఇదంతా నా అంచనా మాత్రమే. మీ వాడు ఒక్క రూపాయి ముట్టలేదని నేను చెప్పలేను, ఫోన్‌పే డబ్బులు వాడి సొంత అకౌంట్‌లోకే వచ్చాయంటున్నారు కాబట్టి అందులోంచి రీచార్జ్ చేసుకున్నాడో, ఫ్రెండ్‌కి అప్పిచ్చాడో, వాడికే గుర్తుండకపోవచ్చు. సొంత డబ్బు, ఊరి డబ్బు ఒకే అకౌంట్‌లో కలిస్తే పెద్దవాళ్ళే తికమక పడతారు. కానీ దొంగతనం వేరు, లెక్క రాకపోవడం వేరు. మీరు లోన్ తీసి 26,400 కట్టేశారనుకోండి, ఆ రోజుతో ఊరు రెండోది మర్చిపోయి మొదటిదే గుర్తు పెట్టుకుంటది. "తల్లి కట్టింది అంటే వాడు తిన్నట్టే కదా" అంటారు. మీరు కొనుక్కునేది వాడి పరువు అనుకుంటున్నారు, ఊరికి మాత్రం అది ఒప్పుకున్నట్టు ఉంటది.

నేను ఇలాంటి తప్పు ఒకటి చేశా, చెప్తా. డిగ్రీ కాలేజీలో ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) ప్రోగ్రాం ఆఫీసర్‌గా చాలా ఏళ్ళు చేశా, ఒక స్పెషల్ క్యాంపులో కూరగాయల ఖర్చు చూసే అబ్బాయి దగ్గర తొమ్మిది వందలు తగ్గాయి. వాడు ఏడుపు మొహం పెట్టుకుని వచ్చాడు. నేను పెద్ద మనసు అనుకుని నా పర్సులోంచి తీసి కలిపేసి "పో, అయిపోయింది, ఎవరికీ చెప్పకు" అన్నా. ఆ తర్వాత ఆ పిల్లాడు నన్ను చూస్తే పక్క దారి పట్టేవాడు, తర్వాతి క్యాంపుకి రాలేదు, స్టేజీ మీద మైక్ పట్టుకునేవాడు అది కూడా మానేశాడు. చాలా రోజుల తర్వాత అర్థమైంది నాకు, వాడు తప్పు చేశాడని నేను నమ్మినట్టే కదా అది. కూర్చోబెట్టి "రా, ఇద్దరం కలిసి చూద్దాం" అని ఒక్క గంట కేటాయించి ఉంటే అయిపోయేది.

సరే, ఇప్పుడు అసలు సంగతి, యూత్ వల్ల మీ వాడికి ఏమొచ్చింది. బతకడానికి కావాల్సిన నేర్పుల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990ల్లోనే పది అంశాలు చెప్పింది, నిర్ణయం తీసుకోవడం, ఎదుటివాడితో మాట్లాడటం, ఒత్తిడి తట్టుకోవడం, తనని తాను తెలుసుకోవడం, ఇట్లాంటివి. ఆ లిస్టు పెట్టి సెమినార్లు చేస్తారు, సర్టిఫికెట్లు కూడా ఇస్తారు, నేనూ చేయించా, పిల్లలు వెనక బెంచీలో నిద్రపోయారు. అవి క్లాసులో చెప్తే వచ్చేవి కావు చెల్లె, ఈత లాంటివి. మీ ఉత్తరంలో ఒక చిన్న ముచ్చట ఉంది, మీరు ఊరికే రాసేసి వెళ్ళిపోయారు, నాకు మాత్రం ఉత్తరం మొత్తంలో అదే గట్టిగా తగిలింది. రక్తదాన శిబిరం రోజు మీ వాడి దోస్త్ ఒకడు, ఇంకా పదిహేడేళ్ళవాడు, నేనూ ఇస్తా అని మొండికేస్తే మీ వాడు "నీకు 18 నిండలే, పక్కకు జరుగు" అని అందరి ముందు ఆపేశాడు, ఆ దోస్త్ రెండు వారాలు మాట్లాడలేదు అన్నారు. రూల్ అదే, 18 నిండాలి, 45 కిలోలకి తగ్గకూడదు, మగవాళ్ళయితే ఒకసారికి ఇంకోసారికి మధ్య మూడు నెలలు గ్యాప్ ఉండాలి. కానీ రూల్ తెలియడం గొప్ప కాదు. రెండేళ్ళ కింద చక్కెర కట్టివ్వడానికి కూడా తల ఎత్తని పిల్లాడు దోస్త్ అలుగుతాడని తెలిసి కూడా కుదరదు అన్నాడు చూడండి, అది గొప్ప. ఏ కోచింగ్ సెంటర్‌లో నేర్పుతారు అది? చందాకి ముప్పై ఇళ్ళు తిరిగితే పది ఇళ్ళల్లో "రేపు రా" అంటారు, ఒకాయన కసురుకుంటాడు, అయినా ముప్పై ఒకటో ఇంటి తలుపు కొట్టాలి. మండపం పర్మిషన్‌కి పోలీస్ స్టేషన్‌లో దరఖాస్తు రాయాలి, టెంట్ హౌస్ ఆయనతో రేటు బేరం ఆడాలి, రెఫరీ ఇచ్చిన పాయింట్ మీద రెండు టీములు కొట్టుకోబోతే మధ్యలో నిలబడాలి. అన్నీ నిజమైన పనులే, చేయకపోతే నిజంగా ఆగిపోతయ్, అందుకే ఒంటికి పడతయ్. ఎంసెట్ ర్యాంక్‌తో "నువ్వు పనికిరావు" అన్నట్టయిన పిల్లాడికి "నువ్వు లేకపోతే ఇయ్యాల పని కాదు" అన్న చోటు దొరికింది. మీరు గమనించిన మార్పంతా అక్కడి నుంచి వచ్చింది అనుకుంటున్నా నేను.

అట్లా అని యూత్‌ని నెత్తిన పెట్టుకోమనను. మీ ఊరి యూత్‌లో ఒక లోటు ఉంది, పక్కన నిలబడి చూసే పెద్ద మనిషి లేడు. ఎన్ఎస్ఎస్‌లో ప్రోగ్రాం ఆఫీసర్ ఉంటాడు, ఎన్‌సీసీలో ఆఫీసర్ ఉంటాడు, తప్పు చేస్తే తిడతాడు, మళ్ళీ తనే దగ్గరుండి సరిచేస్తాడు. ఊరి యూత్‌లో పాతికేళ్ళ ప్రెసిడెంటే అందరికీ పెద్ద, ఆయనకి ఎవరు చెప్పాలి? అందుకే నిమజ్జనం రాత్రి మందు వస్తది, ఎలక్షన్ టైంలో జెండాలు వస్తయ్, ఇరవై మంది పిల్లలు ఒకచోట ఉన్నారంటే లీడర్లకి అది రెడీమేడ్ మంద. నేర్పు ఎక్కడ వస్తదో చెడు కూడా అదే చోట కూర్చుని ఉంటది, ఈ రెండిటినీ విడదీసి ఇవ్వగలిగే క్లబ్ నేనైతే చూడలేదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చెప్తా, మీరే తేల్చుకోండి, మీ ఇల్లు మీకు తెలిసినంత నాకు తెలియదు.

ఒకటి, వాళ్ళ నాన్న అన్నట్టు రేపటి నుంచే మానిపించేయడం. చదువుకి టైం దొరుకుతది, తాగుడు భయం కొంత తగ్గుతది, ఇంట్లో గొడవ ఆగుతది. కాదనను. కానీ లెక్క తేలకముందు మానేస్తే "డబ్బు తిని మాయమైండు" అనే మాట ఊళ్ళో ఉండిపోతది, వాడు అదే వీధిలో రోజూ కాలేజీ బస్సుకి నడవాలి. ఇంకోటి, వాడు ఒకసారి తలుపు వేసుకున్న పిల్లాడు, ఓడిపోతే తలుపు వేసుకోవడం వాడికి అలవాటైన దారి, ఈసారి ఆ తలుపు మనమే వేసినట్టయితది. నాకు ఎక్కువ భయం దీని గురించే. ఒకవేళ మళ్ళీ తిండి మానడం, రాత్రంతా మేలుకోవడం, బతుకు మీద విరక్తి మాటలు కనిపిస్తే మాత్రం యూత్ సంగతి పక్కన పెట్టి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు, 24 గంటలూ ఉంటది.

రెండోది, వాణ్నే నిలబడనివ్వడం. ఊళ్ళో నమ్మకమైన మనిషి ఒకరు, రిటైర్డ్ టీచరో, పోస్ట్‌మాస్టరో, ఎవరో ఒకరు, పార్టీ రంగు లేనివాళ్ళు అయితే మంచిది. రసీదు బుక్ కౌంటర్‌ఫాయిల్స్, ఫోన్‌పే హిస్టరీ, టెంట్ హౌస్ బిల్లు, అన్నీ ముందేసుకుని వాడు, ప్రెసిడెంట్, ఆ పెద్దమనిషి కూర్చుని ఒక తెల్ల కాగితం మీద వచ్చింది, రావాల్సింది, ఖర్చయింది అని మూడు వరసలు రాయాలి. లడ్డు బాకీ రెండో వరసలోకి పోతది. తేలకుండా ఎంత మిగిలితే అంత "తేలలేదు" అనే రాయాలి, కథలు రాయకూడదు. అందులో వాడి పొరపాటు ఎంతో అంత వాడే కట్టాలి, సెలవుల్లో ఏదన్నా పని చేసో, మీ షాపులో హోల్‌సేల్ సామాను మోసి మీ దగ్గర కూలి తీసుకునో, నెలకి వెయ్యి చొప్పున. ఆ కాగితం గుడి దగ్గర అంటించాలి. దీనివల్ల నష్టం? సిగ్గు. ఒక వారం బాగా సిగ్గుపడతాడు. ప్రెసిడెంట్ డీజే అడ్వాన్స్ దగ్గర ఎదురు తిరిగినా తిరగొచ్చు, అప్పుడు వాడికి ఆ దోస్తానా ఏపాటిదో కూడా తెలిసిపోతది, అది కూడా లెక్కే.

మూడోది ఈ రెండిటి మధ్యది. లెక్క తేల్చాక క్యాషియర్ పని ఇంకొకరికి అప్పజెప్పి, బ్యాక్‌లాగ్ పరీక్షలు అయ్యేదాకా వారానికి ఒక్క సాయంత్రమే యూత్, రాత్రి కార్యక్రమాలు బంద్. ఇది చెప్పడం ఈజీ, పాటించడం కష్టం, పిల్లలు వారానికి ఒకసారి అంటే మూడుసార్లు వెళ్తారు, మీరు రోజూ కాపలా కాయలేరు. వాడే ఒప్పుకుని వాడే ప్రెసిడెంట్‌కి చెప్తేనే నిలుస్తది, మీరు వెళ్ళి చెప్తే మాత్రం పిల్లల్లో వాడి పరువు పోతది.

ఇంకో దారి కూడా ఉంది, చోటు మార్చడం. వాడి కాలేజీలో ఎన్ఎస్ఎస్ యూనిట్ ఉందో లేదో కనుక్కోమనండి. 1969లో గాంధీ గారి శతజయంతి ఏడాది మొదలుపెట్టారు దీన్ని, రెండేళ్ళలో 240 గంటల సేవ, ఏడు రోజుల స్పెషల్ క్యాంపు. మీ వాడికి వచ్చిన నేర్పు అంతా అక్కడ పనికొస్తది, పైన అడిగే మనిషి ఉంటాడు, చేసినదానికి కాగితం కూడా ఉంటది. అయితే నిజం చెప్పాలి కదా, కొన్ని కాలేజీల్లో ఎన్ఎస్ఎస్ అంటే ఫోటో కోసం చీపుర్లు పట్టుకోవడమే, ముందు వెళ్ళి చూడాలి. అదీగాక సొంత ఊళ్ళో పదిమంది గుర్తుపట్టే ఆనందం కాలేజీలో దొరకదు, అది వాడికి లోటుగానే ఉంటది.

వాడు యూత్‌లోనే ఉంటానంటే, సంఘాన్ని రిజిస్టర్ చేయించమని వాడి చేతే అడిగించండి. ఏడుగురు సభ్యులుంటే చాలు, 2001 సొసైటీల చట్టం కింద చేసుకోవచ్చు, అప్పుడు సంఘం పేరు మీద బ్యాంక్ అకౌంట్, ఇద్దరు సంతకం పెడితేనే డబ్బు బయటికి వచ్చేట్టు పెట్టుకోవచ్చు. చందాలు ఎవరి సొంత ఫోన్‌పేలోకీ పోవు. 1972లో మొదలైన నెహ్రూ యువ కేంద్రాల పని ఊరి యువజన సంఘాలతోనే ఉండేది, ఇప్పుడవి 2023 అక్టోబర్‌లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన మై భారత్‌లో కలిసిపోయాయి, రిజిస్టర్ అయిన సంఘం అక్కడికి వెళ్ళి ఆటలు, శిక్షణ కార్యక్రమాల్లో చోటు అడగొచ్చు. ప్రెసిడెంట్ రిజిస్ట్రేషన్ మాట ఎత్తగానే మొహం తిప్పుకున్నాడనుకోండి, మీ వాడు అక్కడ ఉండాలా వద్దా అనేది ఎవరూ చెప్పనక్కర్లేదు.

తాగుడు సంగతి. అడిగారా మీరు? ఉత్తరం అంతా వెతికా, "తాగిండో లేదో" అని ఉంది గానీ అడిగినట్టు లేదు. అడగండి, అరవకుండా, షాపు మూసే టైంలో షట్టర్ దించుతూ అడగండి, మొహాలు చూసుకోకుండా మాట్లాడితే మగపిల్లలు నిజం చెప్తారు, ఇది నా ముప్పై ఏళ్ళ అనుభవం. తాగానంటే అప్పుడే తీర్పు చెప్పకండి, ఎవరు ఇచ్చారు, వద్దని ఎందుకు అనలేకపోయావ్ అని అడగండి. పదిహేడేళ్ళ దోస్త్‌ని ఆపినవాడు పెద్దోడు గ్లాసు ఇస్తే ఆపలేకపోయాడంటే, వాడికి ఇంకా రాని నేర్పు ఏదో మీకు దొరికినట్టే.

కూతురి విషయానికి వస్తే, ఇరవై మంది మగపిల్లల మధ్య ఒక్కదాన్నే పంపడానికి మీకు భయం ఉండటం తప్పు కాదు. కానీ అన్నకి దొరికింది తనకి ఎందుకు దొరకొద్దు అని ఆ పిల్ల అడుగుతోంది, దానికి నా దగ్గర ఎదురు సమాధానం లేదు. వద్దు అంటే ఊరుకుంటది, రేపటి రోజు ఆఫీసులో దరఖాస్తు ఇవ్వడానికి కూడా అన్ననో మొగుణ్నో వెంటబెట్టుకుని పోతది. నలుగురైదుగురు ఆడపిల్లలు కలిస్తే వాళ్ళదే ఒక గుంపు పెట్టుకోవచ్చు, మీ మహిళా సంఘం మీటింగ్ జరిగే చోటే ఆదివారం పొద్దున, బతుకమ్మ ఏర్పాట్లతో మొదలుపెట్టినా సరే, చందా వసూలు, లెక్క రాయడం అంతా వాళ్ళే చేయాలి, తల్లులు పక్కన కూర్చుంటే చాలు. తన కాలేజీలో ఎన్‌సీసీ ఉంటే అదీ అడగమనండి. మధ్యలో ఒక మాట, అన్న లెక్క తేల్చే రోజు చెల్లెల్ని కూడా కూర్చోబెట్టండి, కూడికలు ఆ పిల్లే చూస్తది. మీ ఉత్తరం వెనక పేజీలో ఆ అంకెలన్నీ పొందిగ్గా వరసలో ఉన్నాయి, మీ చేతిరాత కాదు అది, తనదే అనుకుంటా.

ఇక వాళ్ళ నాన్న. ఆయన్ని విలన్ చేయకండి, చేసినట్టు లేరు గానీ ఉత్తరంలో ఆయన మాట వచ్చినప్పుడల్లా మీ రాత గట్టిగా నొక్కినట్టు ఉంది. అప్పు చేసి ఏజెంట్‌కి కట్టి వెళ్ళిన మనిషి, కొడుకు కూడా డిగ్రీ ఆపేసి అదే విమానం ఎక్కుతాడేమో అని భయం, అది కోపం లాగా వినిపిస్తోంది. పన్నెండేళ్ళుగా తండ్రీకొడుకుల మధ్య మాటలన్నీ మీ ద్వారానే నడుస్తున్నయ్, వాడి తప్పు మీరు ఆయనకి చెప్పాలి, ఆయన తిట్టు మీరు వాడికి చెప్పాలి, అక్కడా ఇక్కడా మీకే దెబ్బ. ఈసారి పక్కకి జరగండి. లెక్క కాగితం పూర్తయ్యాక మీ వాడే వీడియో కాల్ చేసి, కాగితం చూపించి, ఇంత తేలింది, ఇంత తేలలేదు, ఇంత నేను కడతా, బ్యాక్‌లాగ్‌లు ఫలానా నెలలో రాస్తా అని తనే చెప్పాలి. ఆయన తిట్టొచ్చు. తిట్టనివ్వండి, మీరు మధ్యలో ఫోన్ లాక్కోకండి.

లోన్ అప్లికేషన్ మాత్రం ఇప్పటికి పక్కన పెట్టండి. ముందు ఆ లడ్డు ఆయన దగ్గర ఒక చీటీ రాయించుకోమనండి, పైఏడు చవితికి 16,000 ఇస్తానని, తేదీ వేసి, సాక్షి సంతకంతో. ఆ తర్వాతే కాల్. ఆదివారం రాత్రి మన ఎనిమిదిన్నరకి చేయమనండి, అక్కడ ఏడు అయితది, వంట కాకముందు దొరుకుతారు.